అమ్మకు బాకీపడిన కూలి



పొద్దుతిరుగుడు చేను పూతకొచ్చినప్పుడు పూలను గుడ్డతో రుద్దాలి. సేద్యం తెలియని వాళ్ళకు ఈ మాట వింతగా ఉంటుంది. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో పెరిగిన నాలాంటి వాళ్ళకు ఇది చిన్ననాటి నుంచి చూసిన పని. పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆకుల మీది మంచు ఆరుతుంది. అప్పటి నుంచి పదకొండు దాకా, పల్చటి గుడ్డను అరచేతికి చుట్టుకుని, సాలు వెంట నడుస్తూ ఒక్కొక్క పువ్వు మీదా మెల్లగా చెయ్యి తిప్పుతూ పోవాలి. ఒక పువ్వు పుప్పొడి గుడ్డకంటుకుని ఇంకో పువ్వుకు చేరుతుంది. పూత ఉన్నన్నాళ్ళూ, రోజు మార్చి రోజు ఇదే పని.

మా ఇంట్లో ఆ పని అమ్మది. నాయన పాత పంచె చింపి గుడ్డలు చేసుకునేది. ఇంటికొచ్చేసరికి మోచేతుల దాకా పసుపు రాసుకున్నట్టు ఉండేది. తోడుగా వచ్చిన ఆడవాళ్ళకు, "చంటిబిడ్డ మొగం తుడిచినట్ల తుడవాల. గట్టిగా రుద్దితే పువ్వు నొచ్చుకుంటాది" అని చెప్పేది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

ఎందుకింత శ్రమ అంటే, మనం పువ్వు అనుకునేది నిజానికి ఒక పువ్వు కాదు. ఆ పళ్ళెం నిండా వందల కొద్దీ చిన్న చిన్న పూలుంటాయి. అంచున ఉన్నవి ముందు విచ్చుకుంటాయి, రోజుకు కొన్ని వరసల చొప్పున లోపలికి పోతాయి. ఒక్కో చిన్న పువ్వూ మొదట పుప్పొడి రాలుస్తుంది, ఆ తర్వాతే దాని కీలాగ్రం పుప్పొడి అందుకోవడానికి సిద్ధమవుతుంది. పైగా తన పుప్పొడి కంటే ఇంకో మొక్క పుప్పొడి పడితేనే గింజ బాగా కడుతుంది. ఆ పుప్పొడి బరువైనది, జిగటది, గాలికి ఎగిరేది కాదు. మోసే వాళ్ళు కావాలి. మోసే వాళ్ళు లేకపోతే గింజ పైకి నిండుగా కనబడుతుంది గానీ వేళ్ళ మధ్య నొక్కితే తుస్సుమంటుంది. దాన్నే తాలు అంటాం.

2019 డిసెంబరులో మా రెండెకరాల చేను పూత మీద ఉండగా అమ్మ పోయింది. రాత్రి అందరికీ అన్నం పెట్టి పడుకున్న మనిషి తెల్లవారి లేవలేదు.

నాకు మేనమామ కొడుకుతోనే పెళ్ళయింది. పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే ఊళ్ళో, రెండు వీధుల అవతల. దినాలు అయ్యేదాకా ఇల్లు జనంతో నిండిపోయింది. చేని దిక్కు వెళ్ళిన వాళ్ళు లేరు. పదకొండో రోజు దాటాక నాయన చేనికి వెళ్ళి వచ్చి, అరుగు మీద కూర్చుని, "పూతంతా అయిపోయింది పాపా" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు సరిగా ఎక్కలేదు.

ఫిబ్రవరిలో కోత కోసినప్పుడు ఎక్కింది. ఎకరాకు ఆరు క్వింటాళ్ళు వచ్చే చేను మూడున్నర ఇచ్చింది. ఆ ఏడు వానా మామూలే, తెగులూ మామూలే. నాయన కాగితం మీద లెక్క వేశాడు. ఎకరాకు రెండున్నర చొప్పున రెండెకరాలకు ఐదు క్వింటాళ్ళు తగ్గింది. ఆ సంవత్సరం పొద్దుతిరుగుడు మద్దతు ధర క్వింటాలుకు 5,650 రూపాయలు. ఐదు క్వింటాళ్ళకు 28,250. ఆ అంకె కింద గీత గీసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "ఎరువుకు లెక్క రాసినాను, మందుకు రాసినాను, ట్రాక్టరుకు రాసినాను. మీయమ్మ చేతికి ఎప్పుడూ రాయలేదు. ఇన్నేండ్ల కూలి బాకీ పడినాను పాపా" అన్నాడు. నాయన కంట నీళ్ళు నేను చూసింది ఆ రోజే. అమ్మ పోయిన రోజు కూడా ఆయన ఏడవలేదు.

అమ్మ పేరు మీద ఏదైనా చెయ్యాలని ఇంట్లో అనుకుంటూనే ఉన్నాం. మా తమ్ముడు బస్టాండులో సిమెంటు బల్ల వేయిద్దామన్నాడు. మామ గుళ్ళో ఫ్యాను పెట్టిద్దామన్నాడు. రెండూ మంచివే, ఊరికి పనికొచ్చేవే. నా మనసు మాత్రం ఆ 28,250 చుట్టూ తిరిగింది. అమ్మ చేసిన పనే మళ్ళీ జరగాలి అనిపించింది. అయితే ఆ పని చెయ్యడానికి నాకు అమ్మ చెయ్యి లేదు. సాలుకూ సాలుకూ 60 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 30 సెంటీమీటర్లు ఎడమిస్తే ఎకరాలో 22 వేల పైచిలుకు పూలు. ఇద్దరు ముగ్గురు మనుషులతో రెండు గంటల్లో అన్నిటినీ అందుకోవడం కాని పని. అమ్మ కూడా అందినన్నే అందుకుంది.

గుడ్డతో రుద్దమని చెప్పే వ్యవసాయ శాస్త్రవేత్తలు దాని పక్కనే ఇంకో మాట చెబుతారు. ఎకరాకు రెండు తేనెటీగల పెట్టెలు పెట్టుకోమంటారు. ఆ మాట నేను చాలాసార్లు విన్నాను, రేడియోలో కూడా విన్నాను. వినడం వేరు, అవసరం పడి వినడం వేరు.

కోత అయిన తర్వాతి నెలలోనే లాక్‌డౌన్ వచ్చిపడింది. 2021లో గానీ నేను తేనెటీగల పెంపకం శిక్షణకు వెళ్ళలేకపోయాను. వారం రోజులు నేర్చుకున్నాను. ఈ పనిలోకి రావాలనుకునే వాళ్ళకు నేను ముందు చెప్పేది ఇదే, పెట్టెలు కొనకముందు నేర్చుకోండి. మీ జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2017 నుంచి హనీ మిషన్ కింద శిక్షణ ఇచ్చి పెట్టెలు ఇప్పిస్తోంది. అన్నిటికంటే ముఖ్యంగా, పెట్టెలు నడిపే మనిషి వెంట ఒక్క పూత కాలమైనా తిరగండి. ఈగ కుట్టడం అంటే ఏమిటో ముందే తెలిసిపోతుంది. కుట్టిన చోట ముల్లును వెంటనే గోటితో గీకి తీసెయ్యాలి. కొందరికి ఒంటికి పడదు. ఊపిరాడకపోవడం, ఒళ్ళంతా దద్దుర్లు రావడం కనబడితే ఇంటి వైద్యాలు చేస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

పెట్టెలో ఏ ఈగను పడితే ఆ ఈగను పెంచలేం. మన నల్లమలలో చెంచులు తీసే తేనె కొండతేనెటీగది. రాతి అంచులకూ పెద్ద చెట్ల కొమ్మలకూ బయటే ఒకే ఒక్క తెట్టె కడుతుంది. తేనె తీసే మనిషి తాడు పట్టుకుని దిగుతుంటే పైన ఆ తాడును అతని బావమరిది కాస్తాడని చెబుతారు. అక్క పసుపు కుంకుమలు ఆ తాడు మీదే ఉన్నాయి మరి! ఆ ఈగ పెట్టెకు రాదు. పెట్టెలో ఉండేవి చీకటి తొర్రల్లో, పుట్టల్లో వరసగా చాలా తెట్టెలు కట్టే జాతులు. మన దేశవాళీ పుట్టతేనెటీగ ఒకటి, ఐరోపా నుంచి వచ్చిన మెల్లిఫెరా ఒకటి. రైతులు దీన్ని ఇటాలియన్ ఈగ అంటారు. దేశవాళీది మన వాతావరణానికి అలవాటు పడ్డది, కానీ తేనె తక్కువ, చీకాకు కలిగితే గూడు వదిలి లేచిపోతుంది. చేని పని కోసం నేను మెల్లిఫెరానే తీసుకున్నాను.

పెట్టె చూడటానికి మామూలు చెక్కపెట్టె. దాని కిటుకు అంతా లోపల తెట్టెలు కట్టే చట్రాల మధ్య వదిలిన సందులో ఉంది. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే ఆయన ఈ సంగతి గమనించాడు. ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్ల సందు వదిలితే ఈగలు దాన్ని దారిగా వాడుకుంటాయి. అంతకంటే ఎక్కువైతే మైనంతో తెట్టె కట్టేస్తాయి, తక్కువైతే జిగురుతో పూడ్చేస్తాయి. ఆ కొలత పట్టుకున్నాకే తెట్టెను పిండకుండా, పిల్లలను చంపకుండా చట్రం పైకెత్తి తేనె తీసి మళ్ళీ లోపల పెట్టడం కుదిరింది. కింది గదిలో రాణి గుడ్లు పెడుతుంది, పై గదిలో తేనె దాస్తాయి. రెండింటి మధ్య జాలీ. దానిలోంచి కూలీ ఈగ దూరుతుంది, రాణి దూరదు.

2021 నవంబరులో ఆరు పెట్టెలు కొన్నాను. పెట్టె, ఈగలు కలిపి ఒక్కోటి ఐదు వేలకు కాస్త అటూ ఇటూ పడింది. నాయన గోడ బీరువాలోంచి ఒక మూట తెచ్చి నా చేతిలో పెట్టాడు. లెక్కపెట్టాను. 28,250 ఉన్నాయి. "మీయమ్మ దుడ్లు" అన్నాడు. మిగిలింది మా ఆయన వేశాడు.

పెట్టెలు రాత్రి వచ్చాయి. ఈగలన్నీ గూటికి చేరాక గేటు మూసి, చీకట్లోనే తరలించాలి. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. పెట్టెను పాతచోటికి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరంలో పెడితే మేతకు పోయిన ఈగలు పాత గుర్తులు పట్టుకుని పాతచోటికే వెళ్ళిపోతాయి. అక్కడ ఇల్లు కనబడక, తిరిగి తిరిగి చచ్చిపోతాయి. కనీసం మూడు కిలోమీటర్లు దాటించాలి. ఈ సంగతి విన్నాక నాయన రెండు మూడు సార్లు తనలో తాను అనుకున్నాడు, పాతచోటికే పోతాయంట, పాతచోటికే పోతాయంట అని.

చేని గట్టు మీద వేపచెట్టు నీడన, వాకిలి తూర్పుకు ఉండేలా పెట్టాం. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాం. మూడో రోజు పొద్దున తొమ్మిదిన్నరకు నేనూ నాయనా చేలో నిలబడ్డాం. ప్రతి పువ్వు మీదా రెండు మూడు ఈగలు. అంచు నుంచి లోపలికి, గుండ్రంగా, తొందర లేకుండా తిరుగుతున్నాయి. కాళ్ళకు పసుపు ముద్దలు. అమ్మ చెయ్యి కూడా అట్లాగే అంచు నుంచి లోపలికి తిరిగేది. నాయన ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. పదకొండు దాకా అక్కడే ఉన్నాం.

ఆ ఏడు కోతలో మాకు ఎకరాకు ఆరు క్వింటాళ్ళ పైనే వచ్చింది. కానీ కోతకు ముందే ఒక దెబ్బ తిన్నాను. ఒక పొద్దున వెళ్ళేసరికి రెండు పెట్టెల ముందు నేల నల్లగా ఉంది. చచ్చిన ఈగలు, చావబోతూ గిరగిరా తిరుగుతున్న ఈగలు. ముందు రోజు పది గంటల వేళ పక్క చేలో పురుగు మందు కొట్టారు. ఆ రైతు నాకు వరసకు చిన్నాన్న అవుతాడు. కావాలని చేసింది కాదు. పూత మీద పగటిపూట మందు కొడితే ఆ పువ్వు మీద ఉన్న ఈగ చస్తుందని, ఇంటికి చేరిన ఈగ ఆ విషాన్ని పిల్లల దాకా మోస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, తప్పు నాది కూడా. రెండు పెట్టెలు పూర్తిగా పోయాయి. మా ఇంట్లో అది రెండో చావులా గడిచింది. ఆ సాయంత్రం చిన్నాన్నే వచ్చి అరుగు మీద కూర్చుని, "నాకు ఒక మాట చెప్పకపోతివే" అన్నాడు. ఆ మాటతోనే నా ఇప్పటి వ్యాపార పద్ధతి మొదలైంది. అది చివర చెబుతాను.

మిగిలిన నాలుగు పెట్టెల నుంచి 31 కిలోల తేనె తీశాను. తెట్టెలో గదులకు ఈగలు మైనం మూత వేస్తాయి. మూడొంతుల పైన మూత పడ్డ చట్రాన్నే తియ్యాలి. తొందరపడి తీస్తే నీటిశాతం ఎక్కువై తేనె పులుస్తుంది. నీరు 20 శాతానికి మించకూడదని ప్రభుత్వ ప్రమాణం. అమ్మాలంటే ఎంత చిన్న వ్యాపారమైనా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐలో నమోదు చేయించుకోవాలి. సీసా మీద అమ్మ పేరు వేయించాను. ఆ పేరు ఇక్కడ చెప్పను. ఇది నా సరుకు గురించి చెప్పుకునే చోటు కాదు.

మొదటి నెలలోనే ఐదారు సీసాలు వెనక్కి వచ్చాయి. తేనె గడ్డకట్టింది, చక్కెర కలిపావని అన్నారు. అమ్మ పేరున్న సీసా అది. ఆ మాటకు నాకు రాత్రంతా నిద్ర లేదు. పొద్దుతిరుగుడు తేనెలో గ్లూకోజు పాలు ఎక్కువ, త్వరగా పేరుకుంటుంది. ఆవాల తేనె కూడా అంతే. పేరుకోవడం కల్తీకి గుర్తు కాదు. సీసాను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే కరుగుతుంది, పొయ్యి మీద పెట్టకూడదు. నీళ్ళలో వేస్తే అడుక్కు పోవాలి, అగ్గిపుల్ల ముంచితే వెలగాలి అనే ఇంటి పరీక్షలను నమ్మకండి. పాకం కలిపిన తేనె కూడా వాటిలో గట్టెక్కుతుంది. నిజం తేల్చేది ప్రయోగశాలే.

సీసా మీద ఇంకో వాక్యం కూడా అచ్చు వేయించాను. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టకూడదు అని. నా కూతురు పుట్టినప్పుడు నాలుక మీద తేనెచుక్క రాసింది అమ్మే. మన ఇళ్ళలో అది వేడుక. కానీ తేనెలో ఒక్కోసారి బొటులిజం కలిగించే సూక్ష్మజీవి బీజాలుంటాయి. పెద్దల పేగుల్లో అవి ఏమీ చెయ్యలేవు, పసిబిడ్డ పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తాయి. బిడ్డ కండరాలు చచ్చుబడిపోతాయి. ఆ రోజు మాకు తెలియదు, మా అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. అమ్మ ఉండి ఉంటే ఈ వాక్యం తానే ముందు అందరికీ చెప్పేది. తేనె అమ్ముకునేదానివి తేనె వద్దంటావేమని కొందరు అడుగుతారు. ఆమె పేరు మోసే సీసా వల్ల ఒక్క బిడ్డకు కూడా కీడు జరగకూడదు.

ఈగల పెంపకం ఏడాది పొడవునా చూసుకోవాల్సిన పని. పొద్దుతిరుగుడు అయ్యాక ధనియాల పూత, ఆ తర్వాత వేప, కానుగ. ఎండాకాలం మాత్రం కష్టం. మా వైపు మేలో ఎండ ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. పిల్లలున్న తెట్టెల చుట్టూ ఈగలు 34, 35 డిగ్రీలే ఉంచుకోవాలని చూస్తాయి. నీళ్ళు మోసుకొచ్చి, తెట్టెల మీద పల్చగా పరిచి, రెక్కలతో విసురుతాయి. మేం పెట్టెల మీద తడి గోతాలు కప్పుతాం, పక్కనే మట్టి బానలో నీళ్ళు పోసి, ఈగలు మునిగిపోకుండా రాళ్ళు వేస్తాం. పూలు లేని నెలల్లో చక్కెర నీళ్ళు పెడతాం. ఆ చక్కెర ఈగల ప్రాణం నిలబెట్టడానికే. చక్కెర పెట్టే కాలంలో తేనె తియ్యకూడదు. బానలో నీళ్ళు పొయ్యడం నాయన పని. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, చేనిదాకా నడవడం కష్టం. అయినా ఆ పని ఎవరికీ ఇవ్వడు.

ఇప్పుడు మాకు 14 పెట్టెలున్నాయి. బలమైన గూళ్ళను విడదీసి పెంచుకున్నవే ఎక్కువ. పోయిన ఏడు 260 కిలోల తేనె వచ్చింది. కిలో 450కి అమ్మాం. సీసాలు, చక్కెర, చట్రాలు, ఆటో బాడుగలు పోను మిగిలింది ఇంటి ఖర్చుకు చేదోడు అయింది, ఇల్లు గడిపేంత కాలేదు. దీంతో లక్షలు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మి అప్పు చెయ్యకండి. రెండు పెట్టెలతో మొదలుపెట్టి, ఒక ఏడాది నాలుగు కాలాలూ చూసి, అప్పుడు పెంచుకోండి.

పూత కాలంలో ఊళ్ళో చిన్న రైతులు మా చేలో పెట్టెలు పెట్టమని అడుగుతారు. రెండెకరాలు, మూడెకరాల వాళ్ళ దగ్గర డబ్బు తీసుకోను. ఒకే ఒక్క షరతు ఉంది. మందు కొట్టేటట్టయితే ముందు రోజు నాకు చెప్పాలి. వాళ్ళు చెబుతున్నారు. అందరికంటే ముందు ఫోను చేసేది మా చిన్నాన్న.

ఈ ప్రసంగం వింటున్న రైతు సోదరులను, అక్కచెల్లెళ్ళను నేను అడిగేది కూడా అదే. పూత మీద వీలైనంత వరకు మందు కొట్టకండి. తప్పదంటే ఈగలు గూటికి చేరాక, పొద్దు గూకిన తర్వాత కొట్టండి. మీ చుట్టుపక్కల ఎవరైనా పెట్టెలు పెట్టుకుని ఉంటే ఒక రోజు ముందు వాళ్ళకు ఫోను చెయ్యండి. వాళ్ళు రాత్రికి గేట్లు మూసుకుంటారు.